సూక్ష్మతరంగ సంకేతాల పౌనఃపున్య మాపనంలో దృశా తంతువులు: మచిలీపట్నం వాతావరణ రాడార్ ఆధారంగా ఒక వివరణ

వ్యాస సంగ్రహం: గిగాహెర్ట్జ్ స్థాయి సంకేతాల పౌనఃపున్యాన్ని కాంతి సాయంతో, గాజు తంతువుల ద్వారా కొలిచే పద్ధతులు గత రెండు దశాబ్దాలలో విస్తరించాయి. ఈ పద్ధతుల మూలసూత్రాన్ని దిగువ కృష్ణా డెల్టాకు పరిచితమైన మచిలీపట్నం డాప్లర్ వాతావరణ రాడార్‌ను ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసం వివరిస్తుంది. రాడార్ కొలిచే పౌనఃపున్య భేదం, తంతు పద్ధతి కొలిచే పౌనఃపున్యం ఒకటి కావని లెక్కలతో చూపుతుంది. తంతువు రాడార్‌కు నిజంగా ఉపకరించే చోటు ఏదో కూడా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: సూక్ష్మతరంగాలు, పౌనఃపున్యం, దృశా తంతువు, విక్షేపణం, డాప్లర్ రాడార్, మచిలీపట్నం, బ్రిల్వా పరిక్షేపణం.

1. ఉపోద్ఘాతం

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన పది వేలకు పైగా ప్రాణాలను బలిగొన్నది. అంతకు 113 ఏళ్ళ ముందు, 1864 నవంబరులో, ఇదే తీరంలో బందరు పట్టణం మరొక ఉప్పెనకు ధ్వంసమైనది. సముద్రంలో పుట్టిన గాలి ఏ వేగంతో, ఏ దిక్కుగా తిరుగుతున్నదో ముందుగా తెలియకపోవటం ఎంతటి నష్టానికి దారితీస్తుందో ఈ ప్రాంతానికి ఎవరూ చెప్పనక్కరలేదు. భారత వాతావరణ శాఖ 2004లో మచిలీపట్నంలో డాప్లర్ వాతావరణ రాడార్‌ను నెలకొల్పటం ఈ చరిత్రకు కొనసాగింపుగానే చూడాలి. ఆ రాడార్ ఎస్-బ్యాండ్‌లో, అంటే సుమారు 2.8 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. మేఘాలలోని నీటి బిందువుల నుండి తిరిగివచ్చే ప్రతిధ్వనిలో అతి స్వల్పమైన మార్పును పట్టుకొని గాలి వేగాన్ని చెబుతుంది.

కాంతిశాస్త్రం కూడా ఈ తీరానికి కొత్తది కాదు. 1926లో మచిలీపట్నంలో ఆరంభమైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ దృశా పరికరాలను తయారుచేసింది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలో విలీనమైన తరువాత రాత్రివేళ చూపునిచ్చే సాధనాల తయారీకి కేంద్రమైనది. సూక్ష్మతరంగాలతో పనిచేసే రాడార్, కాంతితో పనిచేసే కర్మాగారం ఒకే పట్టణంలో ఉన్నా, ఆ రెండు విద్యలు కలిసే శాఖ ఒకటున్నదని తెలుగులో చర్చ జరిగినది తక్కువ. ఆ శాఖను సూక్ష్మతరంగ ఫోటానిక్స్ అంటారు. ఉయ్యూరు మీదుగా బందరు వెళ్ళే దారి వెంట విద్యుత్ స్తంభాలపై సాగే కేబుల్‌లోని గాజు తంతువే ఆ శాఖకు ముఖ్యమైన ముడిసరుకు.

2. పదాల గురించి కొంత

పునః పునః, అంటే మళ్ళీ మళ్ళీ జరగటం అనే భావం నుండి పౌనఃపున్యం అనే మాట ఏర్పడింది. ఒక సెకనులో కంపనం ఎన్నిసార్లు పునరావృతమవుతుందో అదే పౌనఃపున్యం. మూలంలోని భావాన్ని ఇంత సూటిగా పట్టిచ్చే శాస్త్రపదాలు అరుదు. ఉచ్చారణ కష్టమని కొందరు ‘ఫ్రీక్వెన్సీ’ వైపు మొగ్గినా, అర్థం చెప్పవలసిన తరగతి గదిలో ఈ పదమే ఎక్కువ పని చేస్తుంది.

‘సూక్ష్మతరంగం’ విషయంలో అలా చెప్పలేము. 2.8 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 10.7 సెంటీమీటర్లు, అంటే అరచేతి వెడల్పు కంటె ఎక్కువ. వందల మీటర్ల రేడియో తరంగాల పక్కన మాత్రమే ఇది సూక్ష్మం. కాంతి పక్కన పెడితే మహాకాయం. ఆంగ్లపదంలోని దోషమే అనువాదంలోకీ దిగుమతి అయినది. ఇక విక్షేపణం, పరిక్షేపణం అనే జంట విద్యార్థులను తరచు తికమకపెడుతుంది. ఒక్కొక్క రంగు కాంతి ఒక్కొక్క వేగంతో పోవటం వల్ల రంగులు విడిపోవటం విక్షేపణం. కణాలను తాకి కాంతి నలుదిక్కులకు చెదరటం పరిక్షేపణం. ఈ వ్యాసంలో రెండింటి అవసరమూ ఉన్నది కనుక ఈ భేదాన్ని గుర్తుంచుకోవటం మంచిది.

3. మచిలీపట్నం రాడార్ కొలిచేది ఏమిటి?

కదిలే వస్తువు నుండి వచ్చే తరంగపు పౌనఃపున్యం మారుతుందని క్రిస్టియన్ డాప్లర్ 1842లో ప్రతిపాదించాడు. రాడార్ విషయంలో తరంగం వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి మారుతుంది. కనుక మార్పు విలువ వేగానికి రెట్టింపును తరంగదైర్ఘ్యంతో భాగిస్తే వస్తుంది. తుపాను గాలి రాడార్ వైపు సెకనుకు 50 మీటర్ల వేగంతో, అంటే గంటకు 180 కిలోమీటర్లతో వీస్తున్నదనుకుందాం. 100ను 0.107తో భాగిస్తే సుమారు 934 హెర్ట్జ్. రెండు వందల ఎనభై కోట్ల కంపనాలలో వెయ్యికి లోపు తేడా! ముప్పై లక్షలలో ఒక వంతు అన్నమాట.

ఇంత చిన్న తేడాను ఏ మీటరూ నేరుగా చూపదు. రాడార్ సెకనుకు కొన్ని వందల స్పందనలను పంపి, ఒక ప్రతిధ్వనికీ తరువాతి ప్రతిధ్వనికీ మధ్య తరంగ దశ ఎంత తిరిగిందో చూస్తుంది. తాను పంపినది ఏమిటో రాడార్‌కు తెలుసు. దానితో పోల్చి చూడటమే ఇక్కడి కిటుకు. అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. స్పందనల రేటు సెకనుకు 1000 అయితే, రెండు స్పందనల మధ్య దశ అర్ధవృత్తానికి మించి తిరిగితే అది ముందుకు తిరిగినదో వెనుకకు తిరిగినదో తెలియదు. ఆ హద్దు తరంగదైర్ఘ్యాన్ని స్పందనల రేటుతో గుణించి నాలుగుతో భాగిస్తే వస్తుంది. అది సెకనుకు సుమారు 27 మీటర్లు. 50 మీటర్ల గాలి ఈ హద్దును దాటిపోయి, తప్పుడు విలువగా, కొన్నిసార్లు తప్పుడు దిశగా కనిపిస్తుంది. అందువల్లనే వాతావరణ రాడార్లు రెండు వేర్వేరు స్పందన రేట్లతో చూసి, రెండు జవాబులూ ఏకీభవించే వేగాన్ని గ్రహిస్తాయి. ఇటువంటి సందిగ్ధతే తంతు పద్ధతిలోనూ మరొక రూపంలో ఎదురవుతుంది.

4. తెలియని పౌనఃపున్యం

పంపినది తెలిసినప్పుడు తేడాను కొలవటం ఒక సమస్య. ఎవరు పంపారో, ఏ పౌనఃపున్యంతో పంపారో తెలియని సంకేతాన్ని గుర్తించటం వేరొక సమస్య. రక్షణరంగంలో శత్రు రాడార్‌ను గుర్తించటానికి ఈ రెండవ సమస్య ప్రధానం. వాతావరణ రంగానికీ ఇది పరాయిది కాదు. 5.6 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేసే సి-బ్యాండ్ వాతావరణ రాడార్లకు అదే ప్రాంతాన్ని వాడుకొనే వైఫై సాధనాల నుండి అంతరాయం కలగటం పలు దేశాలలో నమోదైనది. రాడార్ తెర మీద చక్రపు ఆకుల వలె గీతలు వస్తాయి. వాన లేని చోట వాన ఉన్నట్లు కనిపిస్తుంది. ఆ సంకేతం ఏ పౌనఃపున్యానిదో తక్షణం తెలిస్తే తప్ప దాని మూలాన్ని వెదకటం సాధ్యం కాదు.

తక్షణ పౌనఃపున్య మాపనానికి ఎలక్ట్రానిక్ గ్రాహకాలు చాలాకాలంగా ఉన్నాయి. సంకేతాన్ని రెండుగా చీల్చి, ఒక భాగాన్ని ఆలస్యపరచి, తిరిగి పోల్చటం వాటి పద్ధతి. కాని వాటి పరిధి సాధారణంగా 18 గిగాహెర్ట్జ్ వద్ద ఆగిపోతుంది. పైగా లోహపు కేబుల్‌లో గిగాహెర్ట్జ్ సంకేతాలు త్వరగా క్షీణిస్తాయి. మంచి కోయాక్సియల్ కేబుల్‌లో కూడా 2.5 గిగాహెర్ట్జ్ దగ్గర 100 మీటర్లకే 20 డెసిబెల్‌లకు పైగా నష్టం ఉంటుంది, అనగా నూరింట ఒక వంతు కూడా మిగలదు. గాజు తంతువులో 1550 నానోమీటర్ల కాంతికి నష్టం కిలోమీటరుకు 0.2 డెసిబెల్ మాత్రమే. 1966లో చార్లెస్ కావో, జార్జ్ హాక్‌హామ్ ఈ అవకాశాన్ని సూచించినప్పుడు అందుబాటులో ఉన్న గాజు ఎంత మలినమైనదో తలచుకొంటే, ఈ అంకె విలువ అర్థమవుతుంది. 35 కిలోమీటర్ల తంతువును దాటినా అయిదవ వంతు కాంతి మిగిలి ఉంటుంది. ఉయ్యూరు నుండి మచిలీపట్నానికి సరళరేఖలో ఉన్న దూరం కూడా స్థూలంగా ఇంతే. కనుక ఇక్కడి నుండి లెక్కలన్నిటికీ 35 కిలోమీటర్లనే ప్రమాణంగా తీసుకోవటమైనది.

5. సంకేతాన్ని కాంతి మీదికి ఎక్కించటం

1550 నానోమీటర్ల కాంతి పౌనఃపున్యం సుమారు 193 టెరాహెర్ట్జ్. 10 గిగాహెర్ట్జ్ సంకేతం దాని పక్కన ఇరవై వేల వంతు మాత్రమే. అందువల్ల సూక్ష్మతరంగాల మొత్తం విస్తృతి కాంతి దృష్టిలో ఒక సన్నని పట్టీ. అంత విస్తృతినీ ఒకే సాధనంతో మోయగలగటం ఈ శాఖకు మూలబలం.

లేజర్ కాంతిని లిథియం నయోబేట్ స్ఫటికంలో రెండు దారులుగా చీల్చి, మళ్ళీ కలిపే సాధనాన్ని మాక్-జెండర్ మాడ్యులేటర్ అంటారు. స్ఫటికానికి వోల్టేజి ఇస్తే దాని వక్రీభవన గుణకం మారుతుంది. అప్పుడు ఒక దారిలోని కాంతి కొంచెం ముందు, మరొక దారిలోనిది కొంచెం వెనుక చేరుతుంది. రెండూ వ్యతికరణం చెంది కాంతి తీవ్రత పెరగటం, తగ్గటం జరుగుతుంది. యాంటెన్నా పట్టిన సంకేతాన్నే ఆ వోల్టేజిగా ఇస్తే, కాంతి తీవ్రత ఆ సంకేతపు లయలో ఊగుతుంది. వర్ణపటంలో చూస్తే నడుమ వాహక తరంగం, దానికి ఇరువైపులా సంకేతపు పౌనఃపున్యమంత దూరంలో రెండు పార్శ్వ పట్టీలు ఉంటాయి. ఇక్కడ తెలియనిది ఆ దూరమే.

6. తంతువు చేసే పని

తంతువు చివర కాంతి శోధకం వాహకాన్నీ పార్శ్వ పట్టీలనూ కలిపి విస్పందనాలుగా తిరిగి విద్యుత్తుగా మారుస్తుంది. వాహకం, ఎగువ పట్టీ కలిసి ఒక విస్పందనం. వాహకం, దిగువ పట్టీ కలిసి మరొకటి. రెండింటి పౌనఃపున్యమూ ఒకటే. అవి ఒకే లయలో ఉంటే బలపడతాయి, ఎదురు లయలో ఉంటే రద్దవుతాయి. ఉయ్యాలను ఇద్దరు ఊపుతున్నప్పుడు ఒకరు తోసే క్షణంలోనే మరొకరు ఆపితే ఉయ్యాల నిలిచిపోయినట్లు.

ఎదురు లయ ఎందుకు వస్తుంది? విక్షేపణం వల్ల. సాధారణ తంతువులో 1550 నానోమీటర్ల దగ్గర తరంగదైర్ఘ్యం ఒక నానోమీటరు మారితే కిలోమీటరుకు 17 పికోసెకన్ల తేడా వస్తుంది. 35 కిలోమీటర్లకు అది 595 పికోసెకన్లు. ఇప్పుడు 10.2 గిగాహెర్ట్జ్ సంకేతాన్ని తీసుకుందాం. ఒక్కొక్క విస్పందనం తన రెండు అంశాల నడిమి బిందువుకు తగిన ఆలస్యంతో చేరుతుంది. ఆ రెండు నడిమి బిందువుల మధ్య దూరం 10.2 గిగాహెర్ట్జ్, అనగా 0.082 నానోమీటరు. 595ను దానితో గుణిస్తే 49 పికోసెకన్లు. 10.2 గిగాహెర్ట్జ్ సంకేతపు ఆవర్తన కాలం 98 పికోసెకన్లు. రెండు విస్పందనాల నడుమ సరిగ్గా సగం ఆవర్తనం తేడా వచ్చినది కనుక అవి ఒకదానినొకటి రద్దు చేసుకొంటాయి. సమాచార ఇంజనీర్లు చాలాకాలం దీనిని తంతువులోని దోషంగానే లెక్కించారు. పొడవైన లంకెలో కొన్ని సంకేతాలు మాయమవటం వారికి తలనొప్పి.

ఆ దోషాన్నే కొలబద్దగా మార్చుకోవటం ఈ పద్ధతిలోని చమత్కారం. సంకేతం ఎంత తగ్గినదో చూసి దాని పౌనఃపున్యం చెప్పవచ్చు. వాతావరణ రాడార్లు వాడే మూడు పట్టీలను పై తంతువులోకి పంపితే లెక్క ఇలా వస్తుంది. విక్షేపణం లేనప్పుడు అందే శక్తిలో 2.8 గిగాహెర్ట్జ్ సంకేతానికి 98.6 శాతం, 5.6కు 79.5 శాతం, 9.4కు సుమారు 6 శాతం మిగులుతుంది. మూడు పట్టీలూ తేటతెల్లంగా వేరుపడతాయి. ఆస్ట్రేలియా రక్షణ పరిశోధన సంస్థకు చెందిన న్గుయెన్, హంటర్ 2006లో ప్రకటించిన ప్రయోగం ఈ దిశలో తొలి ప్రయత్నాలలో ఒకటి.

7. బలహీన సంకేతమా, హెచ్చు పౌనఃపున్యమా?

పై వివరణలో ఒక లోపం వెంటనే కనిపిస్తుంది. అందిన శక్తి తక్కువగా ఉంటే, అది పౌనఃపున్యం హెచ్చు కావటం వల్లనా, లేక పంపినవాడు దూరాన ఉండటం వల్లనా? ఒక్క కొలతతో తేల్చలేము. అందువల్ల రెండు మార్గాలు వాడతారు. తీవ్రతకు బదులు కాంతి దశను మార్చే మాడ్యులేటర్‌తో అదే సంకేతాన్ని అదే పొడవు తంతువులోకి పంపితే ఫలితం తలక్రిందులవుతుంది. మొదటి దారిలో బలపడినది ఇక్కడ క్షీణిస్తుంది, క్షీణించినది బలపడుతుంది. గణితపరంగా మొదటిది కొసైన్ వర్గం, రెండవది సైన్ వర్గం. రెండింటి నిష్పత్తి తీసుకొంటే సంకేత బలం కొట్టివేయబడి పౌనఃపున్యం మాత్రమే మిగులుతుంది. రెండు దారులూ సమానంగా సరిచేయబడినవనుకొంటే, 35 కిలోమీటర్ల తంతువుకు ఆ నిష్పత్తి 2.8 గిగాహెర్ట్జ్ దగ్గర 0.014, 5.6 దగ్గర 0.26, 9.4 దగ్గర దాదాపు 15.7.

ఇక్కడ మచిలీపట్నం దృష్ట్యా ఒక నిరుత్సాహకరమైన విషయాన్ని దాచకుండా చెప్పాలి. విక్షేపణ ప్రభావం పౌనఃపున్య వర్గాన్ని అనుసరిస్తుంది. అందువల్ల తక్కువ పౌనఃపున్యాల దగ్గర వక్రరేఖ చదునుగా ఉంటుంది. మొదటి రద్దు బిందువును 4 గిగాహెర్ట్జ్‌కు దించి ఎస్-బ్యాండ్‌ను నిశితంగా చూడాలంటే సుమారు 230 కిలోమీటర్ల సాధారణ తంతువు కావాలి. కిలోమీటరుకు 100 పికోసెకన్ల విక్షేపణం గల ప్రత్యేక తంతువు వాడినా దాదాపు 39 కిలోమీటర్లు తప్పవు. అనగా బందరు రాడార్ పనిచేసే పట్టీలోనే ఈ పద్ధతి అతి బలహీనం. ఎక్స్-బ్యాండ్‌లోనూ అంతకు పైనా దీనికి నిజమైన ప్రయోజనం ఉన్నది.

తంతువు పొడవు పెంచితే నిశితత్వం పెరుగుతుంది, కాని రద్దు బిందువు దిగివస్తుంది. దానిని దాటిన సంకేతం మళ్ళీ బలపడుతుంది కనుక ఒకే నిష్పత్తికి రెండు పౌనఃపున్యాలు జవాబుగా వస్తాయి. గాలి వేగం విషయంలో రాడార్‌కు ఎదురైన సందిగ్ధతకు ఇది సోదరి. పరిష్కారమూ అటువంటిదే: రెండు వేర్వేరు పొడవుల తంతువులతో కొలిచి, రెండింటికీ సరిపోయే విలువను గ్రహించటం.

నిశితత్వం ఎంత? నిష్పత్తిని కొలవటంలో 1 శాతం పొరపాటు జరిగితే 5.6 గిగాహెర్ట్జ్ దగ్గర పౌనఃపున్యంలో వచ్చే దోషం సుమారు 12 మెగాహెర్ట్జ్. ఏ పట్టీకి చెందిన సంకేతమో, ఏ సాధనానిదై ఉండవచ్చునో చెప్పటానికి ఇది చాలు. కాని తుపాను గాలి కలిగించే 934 హెర్ట్జ్ మార్పు దీనికి పన్నెండు వేల రెట్లకు పైగా చిన్నది. తంతు పద్ధతులు డాప్లర్ మాపనాన్ని సులభం చేస్తాయని అక్కడక్కడ కనిపించే స్థూల వ్యాఖ్యలు ఈ లెక్క ముందు నిలవవు.

8. శబ్దంతో జల్లెడ పట్టటం

శక్తి నిష్పత్తి పద్ధతికి మరొక పరిమితి ఉన్నది. ఒకేసారి రెండు సంకేతాలు వస్తే అది వాటిని విడదీయలేదు, రెండింటికీ చెందని నడిమి విలువను చూపుతుంది. ఈ చోట బ్రిల్వా పరిక్షేపణం అక్కరకు వస్తుంది. బలమైన కాంతి గాజులో పోతున్నప్పుడు అతి హెచ్చు పౌనఃపున్యపు శబ్దతరంగాలతో చర్య జరిపి, కొంత కాంతి వెనుకకు మళ్ళుతుంది. ఆ వెనుదిరిగిన కాంతి పౌనఃపున్యం సాధారణ తంతువులో 1550 నానోమీటర్ల దగ్గర సుమారు 10.8 గిగాహెర్ట్జ్ తగ్గి ఉంటుంది. లియాన్ బ్రిల్వా 1922లో ఊహించిన ఈ దృగ్విషయం 1972లో దృశా తంతువులలో గమనించబడింది.

ఎదురుగా వచ్చే బలహీన కాంతి సరిగ్గా ఆ పౌనఃపున్యం దగ్గర ఉంటే అది బలపడుతుంది. అలా బలపడే కిటికీ వెడల్పు కొన్ని పదుల మెగాహెర్ట్జ్ మాత్రమే. పంపు లేజర్ పౌనఃపున్యాన్ని క్రమంగా జరుపుతూ పోతే, ఆ కిటికీ పార్శ్వ పట్టీల మీదుగా జల్లెడ వలె కదిలి ఒక్కొక్క సంకేతాన్నీ విడిగా పట్టి చూపుతుంది. సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రకటించిన ఒక ప్రయోగం తంతువుకు బదులు చిన్న చిప్‌పై ఇదే సూత్రాన్ని వాడి, 9 నుండి 38 గిగాహెర్ట్జ్ వరకు గల పలు సంకేతాలను 1 మెగాహెర్ట్జ్ లోపు దోషంతో గుర్తించింది. ఇందుకు చెల్లించే మూల్యం కాలం. జల్లెడ పట్టటం క్షణంలో ముగిసే పని కాదు.

9. తంతువే లక్ష్యమైనప్పుడు

ఎస్-బ్యాండ్ రాడార్‌కు తంతువు వల్ల ప్రయోజనం లేదని పై చర్చను బట్టి అనుకోరాదు. ప్రయోజనం వేరొక చోట ఉన్నది. 35 కిలోమీటర్ల తంతువును దాటటానికి కాంతికి సుమారు 171 మైక్రోసెకన్లు పడుతుంది. రాడార్ స్పందనను కాంతిగా మార్చి, ఈ తంతువు చుట్ట గుండా పంపి, తిరిగి విద్యుత్తుగా మార్చి రాడార్‌కే వినిపిస్తే, 25.7 కిలోమీటర్ల దూరంలో ఒక లక్ష్యం ఉన్నట్లు రాడార్ చూపుతుంది. ఆ లక్ష్యం ఒక గదిలో, బల్ల మీది చుట్టలో ఉన్నది. అది కదలదు. కనుక రాడార్ దానికి ఏ వేగం చూపినా ఆ వేగం రాడార్‌లోని అస్థిరతే. రాడార్ల పరీక్షకు తంతు ఆలస్యరేఖలను వాడటంలోని సూత్రమిదే. గాలి వేగాన్ని నమ్మాలంటే ముందు నిశ్చలతను నమ్మకంగా చూపగల సాధనం కావాలి.

దీనికి అడ్డు వేడి. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే 35 కిలోమీటర్ల తంతువులో ఆలస్యం సుమారు 1.3 నానోసెకన్లు పెరుగుతుంది. 2.8 గిగాహెర్ట్జ్ తరంగానికి అది మూడున్నర ఆవర్తనాలకు పైమాట. మే నెలలో బందరు మధ్యాహ్నపు వేడిని ఎరిగినవారికి ఇది ప్రమాదకరంగా తోచవచ్చు. అయితే రాడార్ పోల్చేది ఒక స్పందనను సెకనులో వెయ్యవ వంతు తరువాత వచ్చే మరొక స్పందనతో. గంటకు ఒక డిగ్రీ చొప్పున చుట్ట వేడెక్కినా, ఆ మార్పు సెకనుకు ఆవర్తనంలో వెయ్యవ వంతు మాత్రమే. గాలి వేగంగా చెబితే సెకనుకు మిల్లీమీటరులో ఇరవయ్యవ వంతు. తుపాను రాత్రి రాడార్ తెర చూసే అధికారికి కావలసిన నిశితత్వం సెకనుకు ఒక మీటరు స్థాయిలోనిది.